సత్యం పంటల సీమలో

హైదరాబాదు నగరమును వీడి బొంబాయికి పోవు రాజమార్గమున పడమటగా పయనించువారికి పటాన్‌చెరు దాటునంతవరకు కర్మాగారముల పొగయు, నడిదారిలో నిలిచిపోవు లారీల వరుసలును తప్ప కన్నులకు మరియొక దృశ్యము దొరకదు. కాని సంగారెడ్డియు సదాశివపేటయు వెనుకబడి జహీరాబాదు సమీపించుకొలదిని నేల ఎర్రబారును, చెట్లు పలుచబడును, ఆకాశము నాలుగు దిక్కులను పొలముల అంచులకు దిగివచ్చి నిలుచును. ఇచటి ఎర్రనేలలో ఇనుము కలిసిన గులకరాళ్ళు మెండు. వాన కురిసినంతసేపు నీటిని మ్రింగి, వెలిసిన కొలది దినములకే మరల దప్పిగొను నేల యిది. నడుమ నడుమ నల్లరేగడి చెలకలు, వానిపై యాసంగి పైరుల పచ్చదనము. కోనసీమలో, గోదావరి పాయల నడుమ, కాలువగట్టున పుట్టి పెరిగిన నాకు నేల యనగా చీలమండలోతు బురదయు, పంట యనగా వరియు, నీరనగా వేళ తప్పక వచ్చు కాలువనీరును తప్ప చిరకాలము మరియొకటి తోచలేదు. కనుక సంక్రాంతి గడచిన వారమున ఈ త్రోవను పోవుచు, కాలువ యన్నది కానరాని పొలములను క్రోసుల కొలది చూచుచుండగా, ఇంత నేలను ఇంత తక్కువ నీటితో ఎవరు, ఏ ధైర్యముతో దున్నుచున్నారని విస్మయము కలిగినది.

పటాన్‌చెరులోనే 1972లో నెలకొల్పబడిన అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కలదు. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మొదలగు మెట్టపంటలే అచటి శాస్త్రజ్ఞుల అధ్యయన విషయము. అదే మార్గమున మరి కొంతదూరము పోయినచో, అక్షరము దిద్దని స్త్రీలు అవే పంటల విత్తనములను తరతరములుగా తమ గుడిసెలలో కాపాడుచున్న పల్లెలు కనబడును. ఈ రెండు విద్యలును ఒకే దారిపై, ఇంత సన్నిహితముగా నుండుట నాకు సంతోషము కలిగించెను.

నన్నీ దారి పట్టించినది మా సీమ దుఃఖము. 2011 వ సంవత్సరమున కోనసీమ రైతులు సార్వా వేయబోమని పంట విరామము ప్రకటించిరి; కాలువలలో నీరుండియు, పెట్టుబడి పెరిగి, గిట్టుబాటు ధర లేక, మురుగు కాలువలు పూడి చేలు మునుగుచుండగా, అన్నపూర్ణ యని పేరొందిన నేల ఆ యేడు బీడుగా పడియుండెను. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చి కోతకు సిద్ధముగానున్న చేలను నేలకు వాల్చెను; తడిసిన పనలపై ధాన్యము మొలకెత్తుటను చూచిన రైతు ముఖము ఎట్లుండునో చెప్పుటకు నాకు మాటలు చాలవు. ఋతువులు గతి తప్పినవి. వాన రావలసినపుడు రాక, రాకూడనపుడు వచ్చుచున్నది. ఈ విపత్తును గూర్చి దేశాధినేతలు సభలు చేయుచున్నారు. ఆ సభలను నేను తక్కువ చేయను. కాని మారిన ఆకాశము క్రింద దినదినము నిలువవలసినవారు ఏమి చేయుచున్నారో, అందును కాలువ లేనివారు, భూమి అంతంతమాత్రముగా గలవారు, స్త్రీలు ఏమి చేయుచున్నారో చూడవలెనని నా కోరిక.

జహీరాబాదు చేరువనున్న పస్తాపూరు గ్రామము దక్కను అభివృద్ధి సమితికి నెలవు. 1983లో కొందరు మిత్రులు కలిసి దీనిని ప్రారంభించిరి. వారిలో ముఖ్యుడు, దూరదర్శనులో కార్యక్రమములను నిర్మించిన మైసూరు ప్రాంతీయుడు పి. వి. సతీశ్. తొలుత పురుషులతో సంఘములు పెట్టి, ఆ పని ఆశించినట్లు సాగక, తుదకు స్త్రీల చేతికి, విశేషించి దళిత స్త్రీల చేతికి సంఘములు వచ్చినవని ఇచటివారు చెప్పుదురు. నేటికి డెబ్బదియైదు గ్రామములకు పైబడి, సుమారు 5,000 మంది స్త్రీలు ఇందు సభ్యులు. సతీశ్ 2023 మార్చిలో కాలధర్మము నొందెను. వారి ప్రసక్తి వచ్చినపుడు ఈ పల్లెల స్త్రీలు కన్నీరు పెట్టుటను చూచితిని, కాని పని ఆగినదని ఒక్కరును చెప్పగా వినలేదు. ఒక మనుష్యుని కృషికి ఇంతకంటె నమ్మదగిన సాక్ష్యమేమి కలదు?

అదే 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యపు పథకమును ఆరంభించినది. ఆకలిగొన్నవారి కంచములో అన్నము చేర్చిన ఆ పథకమును నేను నిందింపజాలను. అయినను దానివలన ఇట్టి మెట్టసీమలలో జరిగినదేమో తెలిసికొనుట అవసరము. వరి పండని ఊళ్ళకు వరి బియ్యము చౌకగా వచ్చినది. ఎర్రచెలకలలో జొన్న, కొర్ర, సామ పండించుటకు పడు శ్రమకు విలువ తగ్గినది. దున్నువారు లేక చెలకలు పడావు పడినవి. చేనుపని పోగా కూలి పోయినది. మా డెల్టాలో పండిన బియ్యమే బస్తాలకెత్తబడి వచ్చి ఇచటి జొన్నచేలను ఎండబెట్టినదని తలచినపుడు, ఆ రెండు సీమల నడుమ నాకు తెలియని బాంధవ్యమొకటి యున్నట్లు తోచినది.

నేను చేరుసరికి పాత పంటల జాతర ఊరూర సాగుచుండెను. ప్రతి సంవత్సరము సంక్రాంతినాడు మొదలై సుమారు నెలదినములు గ్రామగ్రామమునకు తిరుగు ఈ జాతరలో, మామిడాకులతోను, జొన్నకంకులతోను అలంకరించిన ఎడ్లబండ్లు బారులు తీరి కదలును. ఒక్కొక్క బండిపై మట్టిముంతలలో, వెదురు బుట్టలలో, తీరుతీరుల విత్తనములు. పచ్చజొన్న, తెల్లజొన్న, ఎర్రజొన్న, సజ్జ, కొర్ర, సామ, తైదలు, కంది, అనుము, ఉలవ, బొబ్బర, నువ్వు, కుసుమ, అవిసె, తోక గోధుమ. డప్పులు ముందు నడువగా, స్త్రీలు పాడుచు వెనుక నడువగా, ఊరి పొలిమేరలో ఆ ఊరివారు ఎదురువచ్చి, బిందెలతో నీళ్ళుపోసి ఎడ్ల కాళ్ళు కడిగి, బండ్లకు పసుపుకుంకుమలు పెట్టి లోనికి తోడ్కొనిపోవుదురు. దేవుని ఊరేగింపునకు మా సీమలో జరుగు మర్యాదలన్నియు ఇచట విత్తనమునకు జరుగుచుండెను. పిమ్మట రచ్చకడ సభ. ఆ సభలో మాటాడువారిలో ఎక్కువమంది ఒకప్పుడు ఆ రచ్చకడ చెప్పులు విడిచి నడువవలసివచ్చిన కులములవారు. ఇప్పుడు వారు ఆసనములపై కూర్చుండి, ఏ చెలకలో ఏ యేడు ఏది వేసిరో, ఏది నిలిచినదో, ఏది పోయినదో చెప్పుచుండగా, భూమి గల కాపులును చేతులు కట్టుకొని వినుచుండిరి.

పరాయివారిని చూచునపుడు ఈ పల్లెలవారి నడవడి నన్ను మిక్కిలి ఆకర్షించినది. మా వైపున కొత్తవారిని ముందుగా ఎవరి తాలూకని అడుగుదుము. ఇచట అడిగిన తొలి ప్రశ్న, "ఏడికెళ్ళి వచ్చినవ్ బిడ్డా, తిన్నవా?" అని. తినలేదని చెప్పుటకు మొగమాటపడితినో లేదో, ఒక అవ్వ నా చేయి పట్టుకొని తన యింటికి తీసికొనిపోయి, పీటవేసి, చెంబుతో నీళ్ళిచ్చి, పొయ్యి ముందు కూర్చున్నది. వేడినీటితో కలిపిన జొన్నపిండిని అరచేతి మొదలుతో మర్దించి, పళ్ళెముపై తట్టుచు గుండ్రముగా పెంచి, పెనముపై వేసి, పైన తడిచేత్తో నీళ్ళురాసి తిరుగవేయుట వరకు ఆమె చేతులు ఒక్క క్షణము ఆగలేదు, మాటయు ఆగలేదు. ఆ రొట్టెతో పుండికూర, కారము నూరిన తొక్కు, కొంచెము పప్పు. పుండికూర యనగా మా గోంగూరయే; కాని కుసుమనూనె తగిలి దాని రుచి వేరొకటైనది. మరియొక పూట కొర్రన్నములో కందిపప్పు పోసి పెట్టిరి. ఆ పూటనే విత్తకుండ, నాటకుండ చేలలో తానుగా మొలచు కూరలను చూపిరి: జొన్నచెంచలి, తుమ్మికూర, దొగ్గలి, పొన్నగంటి. ఇట్టివి పదులకొలది కలవు. కలుపుమందు చల్లిన చేనిలో ఇవి బ్రతుకవు. పేదయింటి కూరకుండకు ఆ మందు ఎంత చేటో విత్తనపు వ్యాపారుల లెక్కలలో ఎచటను కానరాదు.

"కంట్రోలు బియ్యం తింటే పొద్దెక్కకముందే కడుపు ఖాళీ అయితది. రొట్టె తిని చేన్లకు పోతే మాపటిదాక ఉంటది," అని అవ్వ అనెను. పంక్తిభోజనములో పదునాలుగు వ్యంజనములు వడ్డించు సీమ నాది. ఆతిథ్యమున మావారు ఎవరికిని తీసిపోరు. అయినను తిన్న ప్రతి మెతుకు ఏ చెలకలోనిదో, ఏ విత్తనముదో, ఆ విత్తనము ఎవరింటినుండి వచ్చినదో వడ్డించునామెయే చెప్పగల భోజనమును నేను మునుపెన్నడును తినలేదు.

మరునాటి వేకువన ఆమెతో నల్లరేగడి చేనికి పోయితిని. మంచు ఇంకను విడువలేదు. చేనంతయు తడిసి, అడుగు పెట్టినచోట చీరకుచ్చెళ్ళు మోకాళ్ళవరకు నానినవి. ఈ యాసంగి పైరులను ఇచటివారు సత్యం పంటలందురు. వీనికి కాలువలేదు, బోరులేదు. ఎరువు వేయరు, మందు కొట్టరు. వర్షకాలమున రేగడి తనలో దాచుకొన్న తేమయు, మార్గశిర పుష్యములలో రాత్రిపూట కురియు మంచును తప్ప వీనికి మరియొక ఆధారము లేదు. శనగ, కుసుమ, అవిసె, తోక గోధుమ, యాసంగి జొన్న, అంచులలో ధనియాలు. అవిసె పూల నీలిమ ఒక చాలు, కుసుమ ముండ్లమొగ్గల పసుపు ఒక చాలు. శనగ ఆకుపై నిలిచిన మంచుబిందువును వ్రేలితో తీసి నాలుకపై ఉంచుకొమ్మని ఆమె చెప్పగా అట్లే చేసితిని, పుల్లగా నుండెను. శనగాకు తన రోమములనుండి ఆమ్లమును స్రవింపజేయునని పుస్తకములలో చదివియుంటిని. రుచి చూచుట అదే మొదలు.

చేనిగట్టున కూర్చుండి నేను చాలసేపు మా ఊరి దాళ్వా చేలను తలచుకొంటిని. నిలువనీటి మళ్ళలో బురదలోని కుళ్ళుపదార్థము మీథేను వాయువై ఆకాశమునకు చేరి భూతాపమును పెంచునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. జొన్న, సజ్జ, కొర్ర వంటి మొక్కలు వేడిమిని, నీటియెద్దడిని ఓర్చుకొని సూర్యరశ్మిని పిండిపదార్థముగా మార్చుటలో వరికంటె నిపుణములనియు వారే చెప్పుచున్నారు. డెల్టా రైతు దోషి కాడు. నీరు ఇచ్చినవారే, విత్తనము ఇచ్చినవారే, ధాన్యము కొనువారే అతనిని వరికి కట్టివేసిరి. కాని వాతావరణమును చెడగొట్టుటలో అందరికంటె తక్కువ పాలుగల ఈ స్త్రీలే అందరికంటె ముందుగా దాని వాతలుపడుచు, అందరికంటె ముందుగా దానికి విరుగుడు చేతబట్టుకొని నిలుచుట, ఆ చేనిగట్టున నన్ను తలవంచుకొనునట్లు చేసినది.

ఎర్రచెలకలలో వానకాలపు సేద్యము మరియొక తీరు. ఒక్క ఎకరమున పదునైదు, ఇరువది రకముల పంటలు కలిపి వేయుదురు. జొన్నసాళ్ళ నడుమ కంది, కంది ప్రక్కన పెసర, మినుము, బొబ్బర, అచటచట నువ్వులు, పుండి, ఆముదము, గట్లవెంట అనుము. దూరమునుండి చూచువారికి అది అడవివలె కలగలిసిన పైరని తోచును, కాని అందు ప్రతిదానికిని ఒక పని కలదు. పెసర త్వరగా చేతికి వచ్చి తొలి ఆకలి తీర్చును. అపరాలు వేరుబుడిపెలలో గాలినుండి నత్రజనిని పట్టి నేలకిచ్చును. కంది వేరు లోతుకు పోయి, పైనేల ఎండినపుడును క్రిందితేమను త్రాగి నిలుచును. జొన్నచొప్ప ఎడ్లకు మేత, ఎడ్ల పేడ చేనికి ఎరువు.

"వాన ఎక్కువైతె ఒకటి పోతది, తక్కువైతె ఇంకొకటి పోతది. అన్నీ ఒక్కపారి ఎట్ల పోతయి బిడ్డా?" అని అవ్వ అడిగినపుడు నా కడ సమాధానము లేకపోయెను. 2015, 16లలో మంజీరపై కట్టిన సింగూరు జలాశయము అడుగంటి హైదరాబాదునకు నీరు రాని కరవును ఈ సీమయు చవిచూచినది. ఆ కరవులో చెరకు వేసినవారును, ప్రత్తి వేసినవారును పెట్టుబడియంతయు పోగొట్టుకొని అప్పులలో పడగా, తమ గాదెలో తిండికి ఏదో ఒకటి మిగిలినదని సంఘపు స్త్రీలు చెప్పిరి. వాతావరణమునకు తట్టుకొను వ్యవసాయమును గూర్చి పండితులు వ్రాయు గ్రంథములన్నింటియొక్క సారమును ఆమె ఒక్క ప్రశ్నలో చెప్పివేసినది. ఆ ప్రశ్న పుస్తకమునుండి కాక, వట్టిపోయిన వానకాలములనుండి పుట్టినది.

ఇక పడావు భూముల కథ. 1990ల నడుమ, ఈ సంఘములు ప్రభుత్వము నుండి కొంత ధనమును సంపాదించి, ముప్పది గ్రామములకు పైగా బీడుపడిన చెలకలను మరల సాగులోనికి తెచ్చినవి. ఆ విధానమును నేను శ్రద్ధగా అడిగి తెలిసికొంటిని. ఏ భూమిని ఎన్నుకొనవలెనో సంఘపు స్త్రీలే నిర్ణయింతురు. దుక్కికి, ఎరువునకు, విత్తుటకు వాయిదాలుగా భూస్వామికి అప్పిత్తురు. అతడు ఆ అప్పును రూపాయలలో కాక జొన్నలరూపమున కొన్ని సంవత్సరములలో తీర్చవలెను. ఆ జొన్నలు ఊరిలోనే, ఊరిగాదెలోనే నిలువయుండును. వానకాలపు కరవునెలలలో, ఊరిలో మిక్కిలి పేదవారికి తక్కువ ధరకు పంచుదురు. పేదలెవరన్నది పట్టణమునుండి వచ్చిన అధికారి తేల్చడు. ఊరివారందరు కూర్చుండి, నేలపై ముగ్గుపొడితో ఊరిపటము గీసి, ఇంటింటి పరిస్థితిని బహిరంగముగా చర్చించి తేల్చుదురు. మిక్కిలి పేదయింటికి ఎక్కువ గింజలు, కొంచెము కలిగినయింటికి తక్కువ. భూమి సాగైనది, కూలి దొరికినది, పశువులకు చొప్ప దొరికినది, తిండి ఊరిలోనే మిగిలినది.

నీరుండియు విసిగి చేలను బీడుపెట్టిన మా కోనసీమ రైతులును, నీరు లేకయే బీడును చేనుగా మార్చిన ఈ కూలిస్త్రీలును నా మనస్సులో ప్రక్కప్రక్కన నిలిచిరి. మావారి నిర్ణయము న్యాయమైన కోపమునుండి పుట్టినదే. అయితే విత్తనమును, ఎరువును, ధరను మాకు ఇతరులే నిర్ణయింతురు. మా చేతిలో మిగిలినది మానుకొను అధికారమొక్కటే, దానినే వాడితిమి. వీరి చేతిలో విత్తనమున్నది గనుక, వేయు అధికారమున్నది. స్త్రీల సాధికారతను గూర్చి సభలలో చేయు ఉపన్యాసములు నేను చాల వింటిని; పస్తాపూరు చుట్టుప్రక్కల పల్లెలలో ఆ అధికారము బుట్టలలో, కుండలలో, మట్టి పూసిన గుమ్ములలో కొలిచి చూడదగినంత స్థూలముగా కనబడినది.

ఆ గుమ్ములను చూచుట ఒక భాగ్యము. కంకులలో మేలైనవానిని చేనిలోనే ఏరి, వేరుగా ఎండబెట్టి, నూర్చి, బూడిదయు ఎండు వేపాకును కలిపి, పేడమట్టితో అలికిన బుట్టలలో నింపి, మూత సందులను కూడ మట్టితోనే మూసివేయుదురు. పురుగు చేరదు, చెమ్మ తగులదు. ఏ బుట్టలో ఏమున్నదో ఎచటను వ్రాసియుండదు. చీకటిలో సైతము ఆ అవ్వ చేయి నేరుగా కావలసిన బుట్టపైకే పోవుచుండెను. విత్తనమును అమ్మరు. కావలసినవారు కొలత ప్రకారము తీసికొనిపోయి, పంట వచ్చిన పిమ్మట రెండింతలు తెచ్చియీయవలెను. ఒకనాడు తాను కూలికి పోయిన ఆసామి యిప్పుడు విత్తనమునకై తన గడపకు వచ్చి, "అమ్మా" యని పిలుచునని చెప్పునపుడు ఆమె స్వరములో గర్వముకంటె నెమ్మది ఎక్కువగా నుండెను. ఇచ్చినావా యని అడిగితిని. "ఇయ్యకుంటె ఎట్ల? విత్తనం ఆపితే పాపం గాదా?" అనెను.

మాచునూరునకు సాయంకాలము చేరితిని. ఇచటనే సంఘం రేడియో కలదు. 1995లో ఆకాశతరంగములు ప్రజల సొత్తని సర్వోన్నత న్యాయస్థానము చరిత్రాత్మకమైన తీర్పు చెప్పినది. ఆ తీర్పు చెప్పినవారిలో ఒకరైన న్యాయమూర్తి పి. బి. సావంత్ 2008 అక్టోబరు 15న స్వయముగా వచ్చి ఈ కేంద్రమును ప్రారంభించిరి. గ్రామీణ సామాజిక రేడియోలలో మన దేశమున ఇదియే మొదటిది; నడుపువారు దళితస్త్రీలు. 90.4 మెగాహెర్ట్జ్‌పై, చుట్టును ఇరువదియైదు కిలోమీటర్లలోని ఊళ్ళకు, రాత్రి ఏడు మొదలు తొమ్మిదివరకు ప్రసారము సాగును. చేనుపని ముగించి, పొయ్యి ముట్టించి, స్త్రీలు వినుటకు వీలైన వేళ యదియే గదా. విత్తుటకు అదను, పశువుల జబ్బులు, మొలకల పరీక్ష, సంఘపు కబుర్లు, పాటలు. అన్నియు ఈ సీమ మాటలోనే, ఈ సీమ యాసలోనే. మన పత్రికలలోను, ఆకాశవాణిలోను తమ పలుకుబడిని ఎన్నడును వినని స్త్రీ, తన యింటిమాట యంత్రమునుండి మరల తనకు వినబడగా ఎట్లు తలయెత్తుకొని కూర్చుండునో అచట చూచితిని.

యంత్రముల ముందు కూర్చున్నవారు యువతులు. ఇచటనే 1993లో మొదలైన పచ్చసాలె యను బడి కలదు. కూలికి పోవుచు చదువు మానిన పిల్లలకు అక్షరములతోపాటు మట్టిపని, వడ్రంగము, మూలికావైద్యము, సేద్యము నేర్పుట దాని సంకల్పము. ఆ బడిలో చదివినవారే తరువాత రేడియోకు వచ్చిరి. మరికొందరు స్త్రీలు 1990ల చివర కెమెరా పట్టుట నేర్చి, వరంగల్లు ప్రాంతమున బీటీ ప్రత్తి వేసిన రైతుల కష్టములను సంవత్సరముల తరబడి చిత్రించి, ఆ చిత్రమును దేశదేశముల సభలలో చూపిరి. శబ్దగ్రహణము చేయుచున్న ఒక పడుచుతో చాలసేపు మాటాడితిని. తనతోడి పిల్లలలో పలువురు జహీరాబాదు కర్మాగారములకును హైదరాబాదునకును పోయిరని, నెలజీతము ముందు చేనుపని వారికి చిన్నదిగా తోచునని ఆమె దాచక చెప్పెను. "నేను కూడా పోదామనుకున్న అక్కా. కని ఈడ మా అవ్వలకు తెలిసినయి ఎవ్వరు రాసిపెట్టలె. నేను రికార్డు చేయకుంటే పోతయి," అనెను. వృద్ధుల జ్ఞానమునకు యువతుల చేతిలోని యంత్రము గాదెయైన యీ సంధి ఎంతకాలము నిలుచునో చెప్పజాలను. కాని నిలుపుటకు ఎవరో ఒకరు ఉద్యోగము వదలుకొనవలసివచ్చుట న్యాయము కాదని, ఆ పడుచుకు పట్టణమున దొరకు గౌరవమును జీతమును ఇచటనే దొరకునట్లు చేయుట ప్రభుత్వముల విధియని నేను గట్టిగా నమ్ముచున్నాను.

2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి విభాగము దక్కను అభివృద్ధి సమితికి ఈక్వేటర్ బహుమతి నిచ్చినది. 2018ని మన ప్రభుత్వము చిరుధాన్య సంవత్సరముగను, 2023ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగను ప్రకటించినవి. ఇవి సంతోషింపదగినవే. నగరములలో కొర్రలును సామలును నేడు అందమైన సంచులలో, సన్నబియ్యముకంటె ఎక్కువ వెలకు అమ్ముడుపోవుచున్నవి. మధుమేహమునకు భయపడినవారు కొనుచున్నారు. కాని పండించిన పల్లెలో తిండిగా మిగులక, పట్టణమున పథ్యముగా మాత్రమే బ్రతుకు ధాన్యము మరల ఏ యేటికో బీడుకు దారితీయును. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము బియ్యము, గోధుమలతోపాటు చిరుధాన్యములను కూడ చౌకధరల దుకాణములలో ఇచ్చుటకు అవకాశము కల్పించినది. ఊరిలో పండిన జొన్నను ఆ ఊరి దుకాణమే కొని ఆ ఊరివారికే ఇచ్చుట వీరు ముప్పదియేండ్ల క్రిందటనే చేసి చూపిన పని. ఇంకొక దిగులును కలదు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలములలో పెద్ద పారిశ్రామికవాటికకై వేల యెకరముల భూసేకరణ సాగుచున్నది. నష్టపరిహారమును లెక్కించు పత్రములలో సత్యం పంటలకు, పదులకొలది కూరలకు, గుమ్ములలోని విత్తనములకు వరుస లేదు.

బయలుదేరు దినమున ఆ అవ్వను కడసారి చూడబోయి, "నాకూ పిడికెడు పచ్చజొన్నలు ఇస్తావా అవ్వా? మా ఊళ్ళో చల్లిస్తాను," అని అడిగితిని. ఆమె గుమ్మిమూత తీసి చేయి లోనికి పెట్టి, మరల ఆగి, "మీ దిక్కు భూమి ఎట్లుంటది?" అనెను. నల్లనేలయని, వానకాలమున నెలల తరబడి నీరు నిలుచునని చెప్పితిని. ఆమె చేయి వెనుకకు తీసి మూతపెట్టినది. "గట్లయితె గిది ఆడ బతుకది బిడ్డా. వేరు మురుగుతది. మీ నేలకు ఏది అలవాటో మీ ముసలోళ్ళను అడుగు."

ఝరాసంగములో కేతకీ సంగమేశ్వరుని దర్శించి, మంజీర పారు సీమను వీడి తిరుగుముఖము పట్టితిని. ఆ మంజీర కందకుర్తికడ గోదావరిలో కలిసి, తుదకు మా పాయలగుండా సముద్రమునకు చేరును. ఊరు చేరిన పిమ్మట తొంబదియేండ్లకు చేరువైన మా మేనత్తను కూర్చుండబెట్టి అడిగితిని. ఆమె నిదానముగా జ్ఞాపకము చేసికొని చెప్పినది: ముంపునకు ఓర్చు అక్కుళ్ళు, అట్రగడ వడ్లు, కోతకు ముందు వరిచేలోనే చల్లి, మిగిలిన తేమతోను మంచుతోను పండించిన మినుము, పెసర, నేలకు బలమిచ్చుటకు చల్లిన జనుము, పిల్లిపెసర, లంకలలో జొన్న. మినుమును జనుమును నేటికిని మా చేలలో కలవు. పాత వరి విత్తనము మాత్రము ఊరిలో ఎవరి గాదెలోను లేదు. మారుటేరు వరి పరిశోధన కేంద్రములో కొన్ని రకములు దొరకవచ్చునని పొరుగురైతు ఒకడు చెప్పినాడు. అతనికిని, అతని కోడలికిని తలా ఒక మడి వేసి చూడవలెనని ఉన్నది. తొలకరికి ముందే ముగ్గురమును అచటికి పోవుచున్నాము.